కెనూకు కట్టిన డబ్బు, పుట్టిలో దొరికిన కృష్ణ

ముందు లెక్క చెప్పి తరువాత నది గురించి చెబుతాను, ఎందుకంటే ఇది రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఆ లెక్కే. మూడు పగళ్ళు, రెండు రాత్రులు కృష్ణలో కెనూలు (తెడ్డు పడవలు) నడుపుకుంటూ, ఒడ్డున గుడారాలు వేసుకుంటూ గడపవచ్చని చెప్పి, హైదరాబాద్‌లో సాహసయాత్రలు నడిపే ఒకాయన మనిషికి రూ. 6,500 చొప్పున మా నలుగురి దగ్గర రూ. 26,000 తీసుకున్నాడు. సగం డబ్బు ఒక నెల ముందే ఫోన్‌లో పంపించాము, మిగతా సగం ఒడ్డున చేతికిచ్చాము. ఆ డబ్బుకు మాకు దక్కినవి ఒక ప్లాస్టిక్ కయాక్, గాలి కొట్టుకునే రబ్బరు పడవ ఒకటి, రెండు గుడారాలు (అందులో ఒకదానికి జిప్ పడదు), ఒక జిరాక్సు కాగితం.

కెనూ ఆలోచన మా బావమరిదిది. అతనికి మొదట పాపికొండలు వెళ్ళాలని ఉండేది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగిన నాటి నుంచి మా ఆవిడ గోదావరి పేరెత్తనివ్వదు. అది పక్కన పెట్టినా, కొండల మధ్య ఇరుకున పారే ఆ నీటి వడిలో తెడ్డు పట్టడం మా వంటి కొత్తవారి పని కాదు. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసి రావడమే తప్ప మన చేతికి పని ఉండదు. కోట్‌పల్లి ప్రాజెక్టులో రెండు ఆదివారాలు కయాక్ నడిపి చేతులు అలవాటు చేసుకున్నాము, కానీ అది గంట సేపు తిరగడానికి సరిపోయే నీరు, మూడు రోజుల యాత్రకు చాలదు. చివరికి నాగర్‌కర్నూల్ జిల్లాలోని సోమశిల ఖాయమైంది.

ఆ ఎంపిక విషయంలో నాకు ఇప్పటికీ ఫిర్యాదు లేదు. సోమశిల దగ్గర కృష్ణ పారే నది కాదు, శ్రీశైలం జలాశయపు వెనుక నీరు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆగస్టు నుంచి వరద వస్తే ఆ మట్టానికి చేరి, తరువాత నెలనెలా దిగిపోతుంది. ప్రవాహం లేదు కనుక బయలుదేరిన ఒడ్డుకే తిరిగి రావచ్చు, దిగువన రెండో కారు పెట్టుకోనక్కరలేదు. అదే కారణంగా నీరు మనల్ని మోయదు, ప్రతి మీటరూ భుజాల బలం మీదే సాగాలి. సామానుతో కొత్తవారు గంటకు మూడు కిలోమీటర్లకు మించి పోలేరు, అదీ గాలి లేనప్పుడు. ఇవన్నీ నేను కాగితం మీద వేసుకున్నాను. నిర్వాహకుడు మాత్రం సోమశిల నుంచి శ్రీశైలం దాకా వెళ్ళిపోవచ్చని ఉత్సాహపరిచాడు. ఆ మాట దగ్గరే నేను అనుమానపడి ఉండవలసింది.

అనుమానం ఎందుకంటే, ఒడ్డునున్న అమరగిరి ఊరు దాటితే నల్లమల అడవి. ఎడమ ఒడ్డున తెలంగాణ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. కుడి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, అక్కడా పులుల అభయారణ్యమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ అడవిలో అడుగు పెట్టడమే నేరం, ఇక గుడారం వేసి పొయ్యి వెలిగించడం సంగతి చెప్పనక్కరలేదు. పైగా సరిహద్దు నీటి మధ్యలో ఉంటుంది కనుక ఒక రాష్ట్రపు అనుమతి రెండో ఒడ్డున చెల్లదు. "అన్నీ తీసుకున్నాం సార్, మీరు బట్టలు సర్దుకోండి" అన్నాడాయన. మేము బట్టలు సర్దుకున్నాము.

డిసెంబరు చివరి వారంలో ఉదయం నాలుగున్నరకు నల్లకుంటలో బయలుదేరి, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా తొమ్మిదిలోపే కొల్లాపూర్ చేరాము. రానూపోనూ పెట్రోలు రూ. 3,100 అయింది. మంచాలకట్టను శ్రీశైలం నీరు ముంచబోతే అక్కడి నుంచి తరలించి కొల్లాపూర్‌లో తిరిగి కట్టిన మాధవస్వామి ఆలయం చూసి, ఇడ్లీలు తిని సోమశిల ఒడ్డుకు దిగాము.

కెనూలు లేవు. కెనూ అంటే పైభాగం తెరిచి ఉండి, ఒంటి రెక్క తెడ్డుతో నడిపే పొడవాటి పడవ. నలుగురి సామాను దాని కడుపులో పడుతుంది. కయాక్‌కు రెండు వైపులా రెక్కలున్న తెడ్డు, కూర్చోవడానికి గుంటలు, సామానుకు జానెడు చోటు. రెండూ ఒకటేనని, "పేరు తేడా అంతే సార్" అని మాకు చెప్పినవాడు నిర్వాహకుడు కూడా కాదు, ఆయన పంపిన ఇరవై ఏళ్ళ కుర్రవాడు. ఆ పిల్లవాడు సోమశిలకు రావడం అదే మొదటిసారి అని మధ్యాహ్నానికి తెలిసింది. నీరు చొరబడని డ్రై బ్యాగులు ఏవని అడిగితే నల్లని చెత్త సంచులు తీసి ఇచ్చాడు. లైఫ్ జాకెట్లు ఐదుగురికి నాలుగే. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా రాకూడదు, అది జాకెట్ సరిపోయిందనడానికి గుర్తు. మా అమ్మాయిది లాగితే తల మీదుగా ఊడి నా చేతికి వచ్చింది. పట్టీలను తాడుతో బిగించి కట్టాము. తనకు జాకెట్ లేకపోయినా కుర్రవాడు ఏమీ అనలేదు. నాకు అది చూస్తే కోపం కన్నా జాలి ఎక్కువ కలిగింది.

పదకొండున్నరకు గాని పడవలు నీటిలో పడలేదు, అప్పటికి గాలి లేచింది. ఆ వెడల్పు నీటి మీద గాలి లేస్తే అలలు చెరువులో లాగా ఉండవు, సముద్రపు పాయలో లాగా అడ్డంగా వచ్చి కొడతాయి. ఆడవాళ్ళిద్దరూ కయాక్‌లో, మేము ముగ్గురం రబ్బరు పడవలో. అరగంట గడిచేసరికి నా మోకాలి దగ్గర సన్నగా, పాలు పొంగబోయే ముందు వచ్చే చప్పుడు వంటిది వినిపించింది. గాలి కొట్టే మూత దగ్గర రబ్బరు పగిలి ఉంది. దాని మీద పాత టేపు, ఆ టేపు మీద మరో టేపు. అంటే ఈ చప్పుడు విన్నవారిలో మేము మొదటివాళ్ళం కాము. మా బావమరిది దాని మీద బొటనవేలు నొక్కి పెట్టుకుని, ఒంటిచేత్తో తెడ్డు వేయడానికి ప్రయత్నిస్తూ, ఆ నాలుగు గంటలూ ఎవరి ముఖమూ చూడలేదు. నిర్వాహకుణ్ణి వెతికి పట్టుకొచ్చింది తనే. మా ఆవిడ దూరం నుంచి ఒకే ఒక్క మాట అడిగింది: "బియ్యం ఏ పడవలో ఉన్నాయి?" బియ్యం మా పడవలోనే, అడుగున, చెత్త సంచిలో, నానుతూ ఉన్నాయి.

అమరగిరి ఒడ్డుకు చేరేసరికి నాలుగు దాటింది. నీరు దిగిన చోట పైకి ఎండినట్టు కనిపించే ఒండ్రు మట్టిలో అడుగు వేస్తే మోకాలి దాకా దిగిపోతుంది. మా అమ్మాయి చెప్పు ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంకాస్త దిగువకు వెళ్ళి అడవి ఒడ్డున గుడారాలు వేద్దామని కుర్రవాడు అంటుండగానే అటవీ శాఖ వాచరు ఒకాయన వచ్చాడు. అనుమతి చూపించమన్నాడు. అప్పుడు బయటికి వచ్చింది ఆ జిరాక్సు కాగితం. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడత పెట్టి, నా చేతికిచ్చాడు. "సారూ, ఇది అనుమతి కాదు, అనుమతి కావాలని పెట్టుకున్న అర్జీ. దీనిమీద ఆఫీసు సంతకం లేదు. తారీఖు పోయినేడుది." నేను చదివి చూశాను. నలభై మంది కళాశాల విద్యార్థుల వనభోజనం కోసం రాసిన దరఖాస్తు అది. అడగకుండానే రూ. 13,000 పంపించినవాణ్ణి కదా, ఆ కాగితం ఒక్కసారి ముందుగా పంపమని అడగడానికి నాకు నోరు రాలేదు.

వాచరు మమ్మల్ని తిట్టలేదు, జరిమానా అనలేదు, చెయ్యి చాచలేదు. అడవిలోకి వద్దని, ఊరి పక్కన చేపలు పట్టేవారి గుడిసెల దగ్గర ఉండమని దారి చూపించి వెళ్ళాడు. మా యాత్రలో నాకు దొరికిన మొదటి సరైన సలహా అదే.

ఆ గుడిసెల ముందు వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన మా రబ్బరు పడవను కాలితో తట్టి చూశాడు. "గసొంటి గాలి పడవేసుకొని గీ నీళ్ళల్లకు ఎవలన్న వస్తరా సారూ? పదకొండు కొట్టకముందే నీళ్ళ మీదికెల్లి లేసిపోవాలె" అన్నాడు. ఆయన భార్య మా నానిన బియ్యం చూసి, ఏమీ అడగకుండా జొన్నపిండి తీసింది. కిలోన్నర బొచ్చె చేప రూ. 300కు ఇచ్చారు. ఆమె పులుసు పెడుతుంటే మా ఆవిడ పక్కన కూర్చుని ఉల్లిపాయలు కోసింది. ఉదయం నుంచి ఆమె ముఖంలో ఉన్న బిగువు ఆ పొయ్యి దగ్గర సడలింది. చింతపండు పులుసు బాగా మరిగిన తరువాతే ముక్కలు వేయాలని, వేశాక గరిట పెట్టకుండా కుండను రెండు చేతులతో పట్టి తిప్పాలని, దించే ముందు మెంతిపొడి చిటికెడు మించకూడదని పెద్దాయన భార్య చెప్పింది. అరచేతుల మధ్య రొట్టె తట్టే చప్పుడు చీకట్లో అవతలి గుడిసె నుంచి కూడా వినిపిస్తూ ఉంది. నగరంలో చేపల పులుసుకు రూ. 400 పెట్టి తిన్న హోటళ్ళన్నీ ఆ సత్తు పళ్ళెం ముందు తీసికట్టే. నేను రూ. 500 ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు, "బిడ్డ తిన్నది, సాలు" అంది. మర్నాడు ఆమె మనవడి చేతిలో పెట్టాము.

రాత్రి చలికి జిప్ పడని గుడారంలో నేనూ బావమరిదీ పడుకున్నాము. మంచు కురిసి దుప్పట్లు తడిశాయి. ఒండ్రులో గుడారం మేకులు నిలవవు, గులకరాళ్ళ సంచులు కట్టుకోవాలి. ఇది రాత్రి రెండు గంటలకు నేర్చుకున్న పాఠం. తెల్లవారగానే కుర్రవాణ్ణి, అతని పడవలను వ్యానులో పంపించివేశాము.

రెండో రోజు ఉదయం ఆరుకు పెద్దాయన తన పుట్టి తీశాడు, వాళ్ళ తమ్ముడిది ఇంకొకటి. పుట్టికి రోజుకు రూ. 800. గుండ్రటి బుట్ట అది, వెదురు దబ్బలు అల్లి, కింద సంచిపట్టా కుట్టి, తారు పూస్తారు. ఇప్పుడు ఫైబరువి కూడా వస్తున్నాయట. కోట్‌పల్లిలో నేర్చుకున్న విద్య ఇందులో పనికిరాదు. తెడ్డును పక్కన వేస్తే పుట్టి తన చుట్టూ తాను తిరుగుతుంది. ముందుకు వంగి, తెడ్డును ఎదురుగా చాచి, నీటిని మన వైపు లాక్కోవాలి. మా బావమరిది పదకొండు చుట్లు తిరిగాడని మా అమ్మాయి లెక్కపెట్టింది. "మామయ్యా, కళ్ళు తిరగడం లేదా?" అని అది అడిగితే, యాత్ర మొదలైన తరువాత అతను మొదటిసారి నవ్వాడు.

కొండల నీడ పడిన మూలల్లో నీరు అద్దంలాగా ఉంది. మునిగిన చెట్ల మోళ్ళ మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అలివి వలలతో వచ్చేవారి గురించి పెద్దాయన చాలాసేపు చెప్పాడు. ఆ సన్నని కన్నుల వలలో వేలెడంత పిల్ల చేప కూడా మిగలదని, నిషేధం ఉన్నా రాత్రిపూట వేస్తూనే ఉంటారని, దిగే నీటికన్నా తనకు ఆ వలల భయమే ఎక్కువని అన్నాడు. పది గంటలకల్లా ఒడ్డుకు తెచ్చి దింపాడు, పదకొండుకు గాలి లేచింది.

మూడో రోజు మరపడవలో సోమశిలకు తిరిగి వచ్చాము, రూ. 1,200. దారిలో సంగమేశ్వరం మీదుగా పోనిచ్చాడు. సప్తనదుల సంగమమని చెప్పే చోట ఉన్న ఆ గుడి ఇంకా నీటి కిందనే ఉంది. ఇంజను ఆపి, "మన కింద గుడి ఉన్నది" అన్నాడు పెద్దాయన. ఆకుపచ్చని నీరు తప్ప ఏమీ కనిపించలేదు, అయినా మా ఆవిడ దణ్ణం పెట్టింది.

వెళ్ళదలచినవారు నవంబరు, జనవరి నెలల మధ్య వెళ్ళండి. వరద రోజుల్లో నీటికి వడి ఉంటుంది, ఎండాకాలంలో ఒడ్డు నుంచి నీటి దాకా అంతా బురదే. ఎల్లూరు వైపు ఎత్తిపోతల పథకాలు నీటిని లాగే కాలువ ఉంది, ఆ దరిదాపులకు పోవద్దు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల మంచినీళ్ళు లెక్కవేసి కొల్లాపూర్‌లోనే క్యాన్లు నింపుకోండి, రాత్రి బస సోమశిలలోనో ఊరి పక్కనో చూసుకోండి. డబ్బు పంపే ముందు పడవల ఫొటోలు కాదు, సంతకం ఉన్న అనుమతి కాగితం అడగండి. ఇవ్వనంటే అక్కడితో మాట ఆపేయండి.

నిర్వాహకుడికి ఇప్పటికి పంతొమ్మిది సార్లు ఫోన్ చేశాము. రూ. 3,000 వెనక్కి వచ్చాయి, "గుడ్‌విల్ కోసం" అట. నీరు దిగి గుడి శిఖరం బయటపడగానే కబురు చేస్తానని అమరగిరి పెద్దాయన చెప్పాడు. మా ఆవిడ వస్తానంది, అమ్మాయి కొత్త చెప్పులు కొనుక్కుంది. బావమరిదిని ఇంకా ఎవరమూ అడగలేదు.