జోడుగొట్టాల చెకుముకి తుపాకి: అసలుదా, మార్పించినదా, తిరగమార్చినదా? ఏది మేలు?

ఇంగ్లండు ప్రభువంశాల ఇళ్లనుంచి 1800 ప్రాంతపు జోడుగొట్టాల చెకుముకి తుపాకి వేలానికి వచ్చినప్పుడు అది మూడు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. వాడకంతో అరిగినా చేసిననాటి రూపం చెడకుండా మిగిలినది ఒకటి. తరువాతి కాలంలో సొంతదారే పెర్కషన్ పద్ధతికి (చెకుముకి రాయి రవ్వలకు బదులు దెబ్బకు పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతికి) మార్పించుకున్నది రెండోది. అలా మారినదాన్ని మన కాలంలో మళ్లీ చెకుముకి రూపానికి తిప్పి మెరుగుపెట్టినది మూడోది. కొనేవారిలో చాలామంది మూడోదాన్ని రెండోదానికంటే పైన నిలబెడతారు. ఆ వరుస తప్పని నా గట్టి అభిప్రాయం.

లండన్ పనివాడు హెన్రీ నాక్ 1787లో పేటెంటు పొందిన బ్రీచ్ (గొట్టం వెనుక చివర మందు అంటుకునే భాగం) వల్ల మందు త్వరగా అంటుకుని, గొట్టాలు పొట్టివైనా దెబ్బ తగ్గకపోవడంతో, రెండు గొట్టాలున్నా భుజానికి భారం కాని వేటతుపాకి సాధ్యమైంది. 1806లో జోసెఫ్ మాంటన్ గొట్టాల నడుమ ఎత్తైన పట్టీకి పేటెంటు పొందాడు. మరుసటి ఏడే స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సిత్ దెబ్బకు పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తరువాత అలాంటి రసాయనం నింపిన చిన్న రాగి టోపీలు వాడుకలోకి వచ్చాక, వానకు రంజకం (గిన్నెలో పోసే అంటింపు మందు) తడిసే బెడద తీరింది. గొట్టాలు ఇంకా బాగున్న తుపాకిని పారవేయలేక ఎందరో ప్రభువులు దాన్ని మళ్లీ పనివాడి దగ్గరికే పంపి మార్పించారు. కనుక ఆనాటి మార్పు లోపం కాదు, ఆ ఇంట్లో ఆ తుపాకి ఎంతకాలం వేటకు వెళ్లిందో చెప్పే సాక్ష్యం.

తిరగమార్చినదానిలో ఈ సాక్ష్యమే పోతుంది. మొదటి మార్పులో రంజకపు గిన్నెను, రాయి తగిలి రవ్వలు రాల్చే ఉక్కు రేకును, దాని స్ప్రింగును తీసివేసి, మరచీలల రంధ్రాలను పూడ్చి ఉంటారు. ఇప్పుడు వాటి స్థానంలో కొత్త గిన్నె, కొత్త రేకు, రాయిని పట్టి కొట్టే మీట, అంటే కొత్త గుర్రం, వస్తాయి. ఈ భాగాలను బిగించే లోహపు లాక్ పలకను ఏటవాలు వెలుతురులో భూతద్దంతో చూస్తే పూడ్చిన రంధ్రాల గుండ్రటి అంచులు ఒక్కోసారి బయటపడతాయి. పలక మీది చెక్కడం బొటనవేలి రాపిడికి మెత్తబడి ఉండగా గుర్రం మీది గీతలు మాత్రం పదునుగా ఉంటే అనుమానించవలసిందే. ఈ పని ఎంత నేర్పుగా జరిగినా, చూసేవారిని ఆకర్షించే భాగాలే అందులో అన్నిటికంటే కొత్తవి. ఆ సంగతి చెప్పి, ధర తగ్గించి అమ్మితే గోడకు అలంకారంగా కొనడంలో తప్పులేదు. చరిత్ర కోసం కొనడం మాత్రం తప్పు.

ప్రభువంశపు పేరు విషయంలో ఈ మూడింటికీ పరీక్ష ఒకటే. మడమ (భుజానికి ఆనించే కొయ్యభాగం) మెడ దగ్గర పొదిగిన వెండిబిళ్ల మీది కిరీటాన్ని లెక్కపెట్టి చూడాలి: ఎర్ల్ కిరీటంలో ఎత్తైన కాడల మీద అయిదు ముత్యాలు, బారన్ కిరీటంలో నాలుగు కనిపిస్తాయి, డ్యూక్ కిరీటంలో ముత్యాలుండవు, స్ట్రాబెరీ ఆకులే ఉంటాయి. కిరీటం లేకుండా వంశచిహ్నం ఒక్కటే ఉంటే అది చాలదు, ఎందుకంటే ఒకే చిహ్నాన్ని అనేక కుటుంబాలు వాడుకున్నాయి. ఆపైన తయారీదారు చిరునామా చూడాలి. జోసెఫ్ మాంటన్ 1819లో డేవిస్ స్ట్రీట్ నుంచి హనోవర్ స్క్వేర్‌కు మారాడు. పట్టీ మీద హనోవర్ స్క్వేర్ అని ఉన్న తుపాకిని 1810లో మరణించిన ప్రభువు చేయించాడంటే ఆ కథ నిలవదు.

అందుచేత బిళ్ల, చిరునామా, పాత కాగితాలు ఒకదానితో ఒకటి కలిస్తే అరిగిన అసలు తుపాకికే నా మొదటి ఓటు. అవి కలవనప్పుడు, వంశపు ఆధారాలు గట్టిగా ఉన్న పెర్కషన్ తుపాకి పేరు తెలియని అసలు చెకుముకి తుపాకికంటే మేలు. పనితనాన్నే ప్రధానంగా చూసేవారు దీనితో ఏకీభవించకపోవచ్చు, కానీ మన విషయం ప్రభువంశపు తుపాకి కదా. ఏది కొన్నా గొట్టాల మీది పాత గోధుమరంగు పూతను తోమించకూడదు. దానితోపాటు గొట్టాల బలాన్ని పరీక్షించినట్టు తెలిపే ప్రూఫ్ ముద్రలు, పట్టీ మీది చిరునామా కూడా అరిగిపోతాయి.