మన ఎండలకు ఏది మేలు: అమ్మోనియానా, కార్బన్ డయాక్సైడా?

కొత్తగా కోల్డ్ స్టోరేజీ కట్టేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: గొట్టాల్లో తిరుగుతూ గదిని చల్లబరిచే వాయువుగా, అమ్మోనియా భయం లేకుండా కార్బన్ డయాక్సైడ్‌తో నడపొచ్చా? నడపొచ్చు. అయితే మన దగ్గర లెక్క తేల్చేది సందిగ్ధ ఉష్ణోగ్రత, అంటే అది దాటితే ఎంత నొక్కినా వాయువు ద్రవం కాని హద్దు. అమ్మోనియాకు అది 132 డిగ్రీలు, కార్బన్ డయాక్సైడ్‌కు 31.

సరైన మోతాదులో నింపి మూసిన గాజు గొట్టంలో కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా వేడిచేస్తే, ద్రవానికీ ఆవిరికీ మధ్య గీత 31 దగ్గరపడేకొద్దీ పలచబడుతుంది. లోపలంతా పాలు కలిపిన నీళ్లలా మసకబారి గీత మాయమవుతుంది. ఆపైన ఎంత నొక్కినా ఆ గీత మళ్లీ ఏర్పడదు.

మే నెల విజయవాడలో జరిగేదీ అదే. అమ్మోనియా 40 డిగ్రీల దగ్గర 15 బార్‌కే (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) ద్రవమవుతుంది. కార్బన్ డయాక్సైడ్ ప్లాంటులో ఆవిరిని ద్రవంగా మార్చాల్సిన కండెన్సర్ ఉత్త గ్యాస్ కూలర్‌గా మిగులుతుంది. అదే 40 దగ్గర 100 బార్ పైచిలుకు పెట్టాలి. పీడనం తగ్గించే వాల్వు దాటగానే దాదాపు సగం ఆవిరైపోతుంది, అమ్మోనియాలో ఆరో వంతే. చల్లదనమివ్వని ఆ సగాన్ని కంప్రెసర్ మళ్లీ నొక్కాలి. కరెంటు బిల్లు పెరిగేది అక్కడే.

కూలింగ్ టవర్ పెడితే? కోస్తా ఉక్కలో నీళ్లు 31, 32 కంటే దిగడం కష్టం. 80 బార్ దగ్గర 30 నుంచి 35 డిగ్రీలకు పోతే ఘనపు మీటరు కార్బన్ డయాక్సైడ్ బరువు 700 కిలోల నుంచి 420కి పడిపోతుంది. చేత్తో తిప్పి వదిలేసే వాల్వు దీన్ని పట్టుకోలేదు, ఎలక్ట్రానిక్ వాల్వే కావాలి. కరెంటు పోతే లోపలి ద్రవం వేడెక్కి సేఫ్టీ వాల్వు లేస్తుంది, గ్యాసంతా గాలిపాలు. ద్రవం నిలవుండే ట్యాంకును, అంటే రిసీవర్‌ను, చల్లగా ఉంచే చిన్న యూనిట్ జనరేటర్‌పై తప్పనిసరి. వాసన లేదని నిశ్చింత కూడా వద్దు: ఊపిరాడనివ్వదు, నేలకు దగ్గరగా సెన్సర్ బిగించాలి.

గుంటూరు మిర్చి గోదాముకైతే నా మాట అమ్మోనియాకే. రాగి గొట్టం, ఇత్తడి ఫిట్టింగు మాత్రం దరిచేరనివ్వొద్దు.

చిన్న గదులకు ప్రొపేన్ చాలు, నిప్పు జాగ్రత్తతో. ఆర్134ఏ అనే కృత్రిమ శీతలీకరణ వాయువును కొత్తగా పెట్టొద్దు.

భీమవరం రొయ్యల ఫ్రీజింగ్ వేరు. మైనస్ 40 దగ్గర అమ్మోనియా పీడనం వాతావరణం కంటే తక్కువ, లీకైతే గాలి లోపలికొస్తుంది. అదే చోట కార్బన్ డయాక్సైడ్ 10 బార్‌తో నిలుస్తుంది. చల్లటి దశలో అది, వేడి దశలో అమ్మోనియా పెట్టే రెండంచెల ఏర్పాటు, అంటే కాస్కేడ్, అక్కడ మేలు. ఒకదాని వేడిని మరొకదానికి అందించే ఎక్స్‌ఛేంజర్ లీకై రెండూ కలిస్తే తెల్లటి పొడి ఏర్పడి గొట్టాలు పూడుకుపోతాయి, కాబట్టి దాని నాణ్యతలో బేరం ఆడొద్దు.