డాల్ఫిన్ల కోసం డొమినికాకా, బిమినీకా?

కరీబియన్ ద్వీపదేశం డొమినికాలో పడమటి తీరం దాటగానే సముద్రం లోతెక్కుతుంది. అందుకే రాజధాని రోజోలో బోటెక్కాక ఎంతో దూరం పోకుండానే స్పిన్నర్ డాల్ఫిన్లు బొంగరాల్లా తిరుగుతూ గాల్లోకి లేవడం చూడొచ్చు. ఏడాదంతా ఉంటాయి. నవంబర్-మార్చి మధ్య వెళ్తే స్పెర్మ్ తిమింగలాలూ కనిపించే అవకాశం ఎక్కువ. బోటువాళ్లు నీళ్లలోకి హైడ్రోఫోన్ (నీటి అడుగు శబ్దాలు వినే మైకు) దించి, తిమింగలాల టకటకల్ని బట్టి బోటు తిప్పుతారు.

బహామాస్ దీవుల్లోని బిమినీని కూడా కరీబియన్ అనుకుంటారు గానీ, నిజానికి ఉన్నది అట్లాంటిక్‌లో. తెల్లటి ఇసుక మేట మీద లోతు తక్కువ, నీళ్లు గాజులా తేట. స్నార్కెల్ (నీళ్లలో ఊపిరి తీసుకునే గొట్టం) పెట్టుకుని మచ్చల డాల్ఫిన్ల దగ్గర్లోనే ఈదొచ్చు. డాల్ఫిన్ పిల్లలకు మచ్చలుండవు, వయసు పెరిగేకొద్దీ వస్తాయి. ముట్టుకోబోతే తుర్రుమంటాయి, చేతులు ఒంటికి ఆనించుకోండి. సీజన్ మాత్రం వేసవే. చలికాలంలో గాలులకు సముద్రం అల్లకల్లోలం.

ఈత రాకపోతే డొమినికానే. వాంతుల మాత్ర బోటెక్కాక వేసుకుంటే లాభం లేదు, గంట ముందే మింగాలి.