టర్బో లేని ఇంజిన్‌లో 22 హార్స్‌పవర్ పెంచాను: నాలుగేళ్లు నడిపాక సమీక్ష

నాది 1.6 లీటర్ల పెట్రోలు ఇంజిన్. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, టర్బో లేదు. కంపెనీ పుస్తకంలో 122 హార్స్‌పవర్ అని ఉంది. ఏమీ మార్చకముందు డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) ఎక్కించి చక్రాల దగ్గర కొలిస్తే 104 వచ్చింది. గేర్‌బాక్సూ టైర్లూ తిన్నది పోను మిగిలింది అది. ఇప్పుడు అదే డైనో మీద 126 చూపిస్తోంది. ఈ మధ్యలో 58,000 కిలోమీటర్లు తిరిగాను, హెడ్ (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) రెండుసార్లు విప్పించాను, ఇంట్లోవాళ్ల చేత లెక్కలేనన్నిసార్లు చీవాట్లు తిన్నాను.

టర్బో కారున్నవాళ్లు ఒక్క పూటలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మ్యాప్, అంటే పెట్రోలు ఎంత, నిప్పురవ్వ ఎప్పుడు అనే దాని లెక్కల పట్టిక, మార్పించుకుని ఇంతకంటే ఎక్కువే తెచ్చుకుంటారు. టర్బో గాలిని నెట్టే పీడనం (బూస్ట్) కాస్త పెంచితే చాలు, సిలిండర్లలోకి గాలి ఎక్కువ దూరుతుంది. మన ఇంజిన్‌కు గాలిని నెట్టిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. పిస్టన్ కిందికి దిగినప్పుడు వాతావరణ పీడనం ఎంత తోస్తే అంతే. కాబట్టి గాలికి అడ్డు తగ్గించాలి, వచ్చిన గాలిని బాగా మండించుకోవాలి, ఆ పనిని నిమిషానికి ఎక్కువసార్లు చేయించాలి.

ఈ చివరిదే అసలు సంగతి. న్యూటన్ మీటర్లలో టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లతో) గుణించి 7,120తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 6,000 దగ్గర 140 న్యూటన్ మీటర్లుంటే అది 118 హార్స్‌పవర్. అదే 140ని 7,000 దాకా పడిపోకుండా నిలబెట్టగలిగితే దాదాపు 138. టార్క్ పిసరంత కూడా పెరగలేదు, చూడండి. 1989లో వచ్చిన హోండా బీ16ఏ ఇంజిన్ 1.6 లీటర్లలోనే 160 ఇచ్చింది ఈ లెక్కతోనే. తక్కువ ఆర్‌పీఎంకు ఒక క్యామ్ లోబ్ (వాల్వును నొక్కి తెరిచే గుబ్బ), ఎక్కువకు ఇంకొకటి ఉండే ఏర్పాటు దానిది. నా ఇంజిన్‌లో అది లేదు. లేకపోతే ఏమవుతుందో తర్వాత బాగానే తెలిసొచ్చింది.

అందరిలాగే నేనూ మొదట కొన్నది కోను ఆకారపు ఎయిర్ ఫిల్టర్. మోత అదిరిపోయింది. పికప్ కూడా పెరిగిందనే అనుకున్నాను, రెండు వారాలు. తర్వాత స్కానర్ పెట్టి చూస్తే ట్రాఫిక్‌లో బయట 36 డిగ్రీలుంటే ఇంజిన్ పీలుస్తున్న గాలి 58 డిగ్రీలు. అంటే దాదాపు 7 శాతం పలచబడ్డ గాలి. తీసి పక్కన పడేసిన పాత డబ్బా ముందు గ్రిల్ దగ్గర్నుంచి చల్లగాలి తెచ్చేది, నేను డబ్బిచ్చి మరీ బానెట్ కింది వేడిగాలి పట్టించాను! డైనో మీద బానెట్ ఎత్తి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి కొలుస్తారు కాబట్టి ఈ తప్పు అక్కడ బయటపడదు. బంపర్ వెనక నుంచి గొట్టం తెచ్చి, ఫిల్టర్ చుట్టూ రేకు అడ్డం కట్టాకే 2 హార్స్‌పవర్ నిజంగా మిగిలాయి. ఇంకో మాట: కడిగి వాడుకునే ఫిల్టర్‌కు నూనె ఎక్కువ పూస్తే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద పేరుకుంటుంది. నాకు ఒకసారి ఐడిలింగ్ తడబడింది దీనివల్లే.

హెడర్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాల జత) గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగు గొట్టాలు రెండై, రెండు ఒకటయ్యే 4-2-1 రకం వేయించాను, 4 పెరిగాయి, కింది ఆర్‌పీఎంలో ఏమీ పోలేదు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోలేదు. 2,800 దగ్గర కారు లోపల ఒకటే గుయ్‌మనే మోత వచ్చేది, రెసొనేటర్ పెట్టిస్తే తగ్గింది. రెండేళ్లకు ఒక వెల్డింగ్ పగిలింది.

దెబ్బ తిన్నది మ్యాప్ దగ్గర. మొదట వెళ్లినచోట నా కారును కొలవకుండానే రెడీమేడ్ ఫైలు ఎక్కించి ‘అయిపోయింది, తీసుకెళ్లండి’ అన్నారు. మొదటి వారం హుషారుగానే ఉంది. తర్వాత ఎత్తు ఎక్కుతున్నప్పుడు సన్నగా టకటక (నాక్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండడం) మొదలైంది. వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి చూస్తే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఒక పాలు పెట్రోలుకు 13.9 పాళ్లు గాలి ఉంది. మామూలు నడకకు 14.7 సరైన లెక్కే గానీ, పూర్తి లోడు మీద ఇలాంటి ఇంజిన్‌కు 12.5 నుంచి 13 మధ్య ఉండాలి. పైగా ఇగ్నిషన్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణం) కూడా ముందుకు జరిపారు. స్పార్క్ ప్లగ్గు విప్పితే పింగాణీ మీద మెరిసే చిన్న చుక్కలు. అది పిస్టన్ అల్యూమినియం. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

రెండో ట్యూనర్ ఒక రోజంతా డైనో మీదే కూర్చున్నాడు. గాలి-పెట్రోలు లెక్క 12.7కు తెచ్చి, ఇగ్నిషన్‌ను ఒక్కో డిగ్రీ పెంచుతూ, పవర్ పెరగడం ఆగిన చోటి నుంచి కాస్త వెనక్కి తగ్గించి వదిలాడు. అన్నిటికీ కలిపి 116 వచ్చింది. కాగితం మీద పెరిగింది 6 మాత్రమే. కానీ రోజూ నడిపేటప్పుడు ఎక్కువ తెలిసింది ఈ మార్పే. కంపెనీ మ్యాప్‌లో యాక్సిలరేటర్ తొక్కాక ఒక క్షణం ఆలోచించేది, ఆ నసుగుడు పోయింది. ఎవరైనా ఒక్కటే చేయించుకుంటానంటే ఇదే చేయించుకోమంటాను.

అక్కడితో ఆగితే ఈ సమీక్ష సగంలో అయిపోయేది. ఆశ ఆగనిచ్చిందా? 288 డిగ్రీల (వాల్వు ఎంతసేపు తెరిచి ఉంటుందో చెప్పే లెక్క) క్యామ్‌షాఫ్టులు, గట్టి వాల్వ్ స్ప్రింగులు వేయించి, మళ్లీ ట్యూన్ చేయించాను. 7,300 దగ్గర 131! 5,500 దాటాక ఇంజిన్ స్వరమే మారిపోయేది. కానీ 2,500 దగ్గర చక్రాల మీద 118 ఉండే టార్క్ 103కు పడిపోయింది. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంటే పైన గాలి నిండుతుంది, కింద అదే గాలి వెనక్కి తన్నుకొస్తుంది. రెండు పనులకూ ఒకటే క్యామ్ అయితే ఇంతే. ఐడిలింగ్ 750 నుంచి 1,100కి పెంచినా కారు వణికేది. ఇన్‌టేక్‌లో వాక్యూమ్ తగ్గిపోయి బ్రేక్ పెడల్ కూడా గట్టిపడింది, ఇది నన్నెవరూ ముందే హెచ్చరించని విషయం. సిగ్నల్ దగ్గర క్లచ్ వదిలితే ఆగిపోవడం, వెనకవాళ్ల హారన్లు, ఒకటే టెన్షన్. ఎనిమిది నెలలు భరించాను.

తర్వాత 264 డిగ్రీల క్యామ్‌లకు దిగాను. హెడ్ ఎలాగూ విప్పుతున్నాం కదా అని కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందనే లెక్క) 10.5 నుంచి 11.2కి పెంచాం. వినడానికి పెద్ద మార్పులా ఉంటుంది గానీ, ఒక్కో సిలిండర్‌లో మండే గది తగ్గింది సుమారు 3 మిల్లీలీటర్లే, ఒక చెంచాడు కూడా కాదు. దానికోసం హెడ్ అడుగును చెక్కితే హెడ్ కిందికి దిగి క్యామ్ టైమింగ్ కాస్త ఆలస్యమవుతుంది, అందుకని సర్దుకునే క్యామ్ గేర్ తప్పలేదు. వాల్వు పిస్టన్‌ను తాకుతుందేమోనని పిస్టన్ మీద మెత్తటి మట్టి పెట్టి, చేత్తో ఇంజిన్ తిప్పి, నలిగిన మందం కొలిచాడు మెకానిక్. ఈ పని చేయనివాడి చేతికి హెడ్ ఇవ్వకండి.

ఇప్పుడున్న 126 ఈ అమరికదే. 6,900 దగ్గర వస్తుంది. పైన 5 పోయినా కింద పోయిన టార్క్ చాలామటుకు కంప్రెషన్ వల్ల తిరిగొచ్చింది. ఐడిలింగ్ 850, బ్రేకులు మామూలే. మైలేజీ లీటరుకు 15.5 నుంచి 14.2కి పడింది. 95 కంటే తక్కువ ఆక్టేన్ (నాక్‌ను తట్టుకునే శక్తి చెప్పే అంకె) ఉన్న పెట్రోలు పోస్తే నాక్ సెన్సర్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, కారు నీరసపడుతుంది. ఎండ మండే మధ్యాహ్నాలు ఎలాగూ రెండు మూడు హార్స్‌పవర్ తక్కువే, దానికి ఏ మ్యాపూ మందు కాదు.

క్యామ్‌లు వేయించినందుకు చింత లేదు. ముందే 264 వేయించనందుకే ఉంది. ఆ 288 జత నూనె పూసి అలమరాలో పెట్టాను. అమ్మమని చాలామంది అడిగారు, ట్రాక్ మీద మాత్రమే నడిపే కారుంటేనే ఇస్తానన్నాను. ఇంతవరకు ఎవరూ మళ్లీ ఫోన్ చేయలేదు.