ప్రేరీ మంచులో స్నోమొబైల్: బండి సరే, బీమా సంగతేమిటి?

కెనడాలోని మానిటోబా ప్రావిన్సులో, ప్రేరీ అనే విశాల మైదానాల నడుమ ఉన్న విన్నిపెగ్‌లో చాలా చలికాలాలుగా స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, నడుపుతున్నాను. 600 సీసీ టూ-స్ట్రోక్ బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ముందే తేల్చి చెప్పేస్తాను: బండికి పదికి ఎనిమిది మార్కులు. దానికి చేయించిన బీమాలో ఒక భాగానికి పదికి పది, ఇంకో భాగానికి నాలుగే. ఈ మధ్య ఇక్కడి తెలుగువాళ్లు కొందరు పాత బండ్లు కొనడం మొదలుపెట్టారు. అందరూ అడిగేది ఎంత వేగం పోతుంది, ఎంత పెట్రోలు తాగుతుంది అనే. బీమా గురించి అడిగినవాళ్లు నాకు ఇంతవరకూ తారసపడలేదు. అందుకే ఈ సమీక్షలో సగానికి పైగా దానికే కేటాయిస్తున్నాను.

మొదట బండి. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు. ఈ మైదానాల్లో ఏ కంపెనీ బండి కష్టాలైనా దాదాపు ఒకటే. క్యుబెక్‌లోని వాల్‌కూర్‌లో జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియే 1959లో స్కీ-డూను అమ్మకానికి తెచ్చాడు. ఆ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే, మానిటోబా పల్లెల్లో ఏ కంపెనీ బండినైనా స్కిడూ అనేస్తారు. పొలారిస్ పుట్టిన రోజో ఊరు మా దక్షిణ సరిహద్దు దాటగానే మిన్నెసోటాలో ఉంది. ఇంత దగ్గర్లో తయారవుతున్నా, ఈ కంపెనీలు ప్రకటనల్లో చూపించే మంచు మాత్రం మాది కాదు.

ప్రకటనల్లో బండి నడుము లోతు మెత్తటి మంచులో తేలిపోతూ ఉంటుంది. అది కొండల మంచు. విన్నిపెగ్‌లో ఏడాదికి సగటున మీటరుకు కాస్త పైగా కురుస్తుంది, అదీ కురిసిన చోట నిలవదు. అడ్డుకోవడానికి కొండ లేదు, అడవి లేదు. గాలి దాన్ని ఈడ్చుకెళ్లి గట్ల మీది చెట్ల వరుసల దగ్గర, రోడ్డు పక్క కాలవల్లో రాయిలా దట్టిస్తుంది. పొలం మధ్యలో మాత్రం కోసిన గోధుమ మోళ్లు బయటికే కనిపిస్తుంటాయి. లిక్విడ్ కూలింగ్ ఇంజినుకు ఇది పెద్ద చిక్కు. వేడిని లాగేసే భాగాలు బండి అడుగున, ట్రాక్‌కు, అంటే బండిని ముందుకు నడిపే రబ్బరు పట్టీకి, పైన ఉంటాయి. ట్రాక్ తిరుగుతూ ఎగజిమ్మే మంచే వాటిని చల్లబరచాలి. గట్టిపడిన మంచు మీద, గడ్డకట్టిన సరస్సు మీద ఎగజిమ్మడానికి ఏమీ దొరకదు. బయట మైనస్ 25 ఉండగా ఇంజిను వేడెక్కిపోయిందని ఎర్రదీపం వెలుగుతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసేదాకా నమ్మరు. ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలకు కూడా ఆ మంచు పొడే తడి. అది లేకపోతే కరిగి అరిగిపోతాయి. దీనికి మందు ఐస్ స్క్రాచర్లు, అంటే మంచుగడ్డను గీరుతూ పొడిని పైకి లేపే స్ప్రింగు తీగలు. నా బండికి పెట్టించిన సరంజామాలో ఇంత చౌకగా వచ్చి ఇంతగా అక్కరకొచ్చినది మరొకటి లేదు.

నేను రెండు మార్కులు తగ్గించింది ఇంజిను శక్తిని ట్రాక్‌కు అందించే డ్రైవ్ బెల్టుకూ, వేసవికీ. బెల్టు తెగే ముందు చెప్పి తెగదు. బానెట్ కింద అదనపు బెల్టు ఉండి తీరాలి, ఆ చలిలో గ్లవ్స్ తీసి మార్చగల ఓపికా ఉండాలి. వేసవిలో బండి నెలల తరబడి షెడ్డులో ఖాళీగా పడి ఉంటే ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. ఆ ఖర్చు ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. హ్యాండిల్ వేడెక్కే ఏర్పాటు మాత్రం అద్భుతం. ఎన్విరాన్‌మెంట్ కెనడా సూత్రంతో లెక్క వేస్తే, మైనస్ 25లో గంటకు 60 కిలోమీటర్ల గాలి తగలడం చర్మానికి మైనస్ 43తో సమానం. ఆ స్థితిలో కప్పని చర్మం 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. హెల్మెట్ ఎలాగూ చట్ట ప్రకారం తప్పనిసరి కాబట్టి, అద్దం వేడెక్కే రకం కొనుక్కుంటే ఆ డబ్బు వృథా కాదు.

దారుల విషయంలో మానిటోబా అదృష్టం చేసుకుంది. స్నోమాన్ అనే సమాఖ్యలోని క్లబ్బుల సభ్యులు స్వచ్ఛందంగా పని చేసి 12 వేల కిలోమీటర్లకు పైగా దారులను చదును చేసి ఉంచుతారు. దారి పొడవునా కట్టెల పొయ్యి ఉన్న చిన్న చిన్న విశ్రాంతి గదులు ఉంటాయి. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా అక్కడ కాఫీ పోసి ఇస్తారు. ఈ దారుల్లో తిరగడానికి స్నోపాస్ కొనాలి. ఆ పాస్‌నే బీమా అనుకునేవాళ్లు ఉన్నారు. అది దారి రుసుము, అంతే.

చదును చేసిన దారి దాటామంటే అసలు ప్రేరీ మొదలవుతుంది. చూడటానికి ఉతికిన పంచె పరిచినట్టు ఉంటుంది. దాని కింద ఏముందో పొలం యజమానికే తెలియాలి. దున్నేటప్పుడు ఏరి గట్టున పోసిన రాళ్ల కుప్పలు, పశువుల బీళ్ల చుట్టూ ముళ్లతీగ, మంచు కప్పేసిన గడ్డి మోపులు. రోడ్డు పక్క కాలవలో వెళుతుంటే పొలంలోకి దిగే అడ్డుకట్టలు, వాటి కింద తూములు హఠాత్తుగా ఎదురవుతాయి. మబ్బు పట్టిన రోజున నీడ పడదు. నీడ లేకపోతే ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. రెల్లు పెరిగిన చిన్న కుంటల్లో మంచు దుప్పటి కింద గడ్డ పలుచగా ఉంటుంది. స్నోమొబైల్‌కు కనీసం 25 సెంటీమీటర్ల మందం కావాలని కెనడా రెడ్‌క్రాస్ చెబుతుంది. విన్నిపెగ్ సరస్సు మీద చేపలు పట్టేవాళ్లు ఇప్పటికీ పాతకాలపు బొంబార్డియే ట్రాక్ బండ్లలో తిరుగుతారు. వాళ్ల జాడ పట్టుకుని వెళ్లడం నా అలవాటు. గడ్డ ఎక్కడ బీట వారుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఇక బీమా. మానిటోబాలో కారు బీమా ప్రాథమిక భాగం 1971 నుంచి ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంది. 1994లో వచ్చిన పద్ధతి ప్రకారం, కారు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా చికిత్సకు సాయం, పని చేయలేని కాలానికి నికర ఆదాయంలో 90 శాతం వస్తాయి. ఇక్కడ కొన్నేళ్లు ఉన్నవాళ్లకు ఇది గాలి, నీరు లాగే మామూలు విషయం. స్నోమొబైల్‌కు కూడా అదే సంస్థ నంబరు ప్లేటు ఇస్తుంది, ఆ సంస్థ వాహన బీమా అయిన ఆటోపాక్ అమ్మే అదే ఏజెంటు కాగితం చేతిలో పెడతాడు. దాంతో ఆ రక్షణే దీనికీ ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉండదు. కదులుతున్న మోటారు వాహనాన్ని ఢీకొంటే తప్ప, స్నోమొబైల్ మీద తగిలిన గాయాలకు ఆ పథకం వర్తించదు. రాళ్ల కుప్పను గుద్దుకున్నా, తూము మీద నుంచి ఎగిరిపడ్డా, ఇంకో స్నోమొబైల్‌ను ఢీకొన్నా పైసా రాదు. ప్రేరీల్లో జరిగేవి సాధారణంగా ఈ తరహా ప్రమాదాలే.

నాకు తెలిసిన ఇద్దరి అనుభవం పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరికీ ఎముకలు విరిగాయి, ఇద్దరికీ ఆసుపత్రి చికిత్స ప్రావిన్సు ఆరోగ్య పథకం కిందే జరిగింది. ఒకాయన ఆఫీసు ఉద్యోగి. కంపెనీ గ్రూపు బీమాలో స్వల్పకాలిక అశక్తత భృతి ఉంది కాబట్టి ఇల్లు గడిచింది. రెండో ఆయన సొంత కంపెనీ పేరుతో ట్రక్కు నడుపుతాడు. మామూలు ఉద్యోగికైతే కేంద్ర ప్రభుత్వపు ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ కింద అనారోగ్య భృతి ఉంటుంది. అది జీతంలో 55 శాతం, దానికీ ఒక గరిష్ఠ పరిమితి, 26 వారాల దాకా. ఈయన ఆ పథకానికి చందా కట్టేవాడు కాదు, కాబట్టి అదీ రాలేదు. కాలు కదపలేని నెలల్లోనూ ట్రక్కు వాయిదా మాత్రం తప్పలేదు. స్నోమొబైల్ బీమా అంటే బండికి చేయించేదని మనం అనుకుంటాం. నా లెక్కలో మొదట చూడాల్సింది మన జీతానికి ఉన్న బీమా, అది స్నోమొబైల్ పాలసీలో దొరకదు. ఉద్యోగ బీమా పత్రం తీసి చదవండి. లేదంటే విడిగా అశక్తత పాలసీ తీసుకోండి. దరఖాస్తులో స్నోమొబైల్ నడుపుతామని రాయండి, ప్రీమియం కాస్త పెరిగినా సరే.

నేను పదికి పది ఇచ్చింది ఎదుటివారికి జరిగే నష్టానికి బాధ్యత వహించే భాగానికి. రిజిస్ట్రేషన్‌తో పాటు కనీస మొత్తం ఎలాగూ వస్తుంది. దాన్ని 20 లక్షల డాలర్లకు పెంచుకున్నాను. ఏడాదికి దానికయ్యే అదనపు ఖర్చు ఒక డ్రైవ్ బెల్టు ధరలో కొంత భాగమే. రెండు వందల కిలోలు దాటిన యంత్రం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో విశ్రాంతి గది ముందు నిలబడ్డ మనుషుల వైపు జారితే ఏమవుతుందో ఆలోచిస్తే ఆ ఖర్చు మీద బేరం ఆడాలనిపించదు. అంత దూరం పోనక్కరలేదు, కంచె తెగినా చాలు. ఈ దారులు చాలాచోట్ల రైతుల అనుమతితోనే వాళ్ల పొలాల గుండా పోతాయి. శీతకాలపు గోధుమ వేసిన పొలంలోకి ఎవరైనా దారి తప్పి బండి తోలితే, మంచు అణిగి గడ్డకట్టి అడుగున ఉన్న మొలకలు చస్తాయి. రైతు మర్నాడు దారి మూసేస్తే క్లబ్బు మొత్తం నష్టపోతుంది.

నాలుగు మార్కులు కొలిజన్ భాగానికి, అంటే మన బండికి ఢీకొనడం వల్ల జరిగే నష్టానికి. ఒక మబ్బు రోజున రాళ్ల కుప్ప అంచు తగిలి నా బండి ముందు సస్పెన్షన్, మంచు మీద జారే ముందు పలకల్లో (స్కీల్లో) ఒకటి వంగిపోయాయి. నాకేమీ కాలేదు. పాలసీ ఎవరిదన్నది ఇక్కడ అప్రస్తుతం. మా ప్రావిన్సులో ఈ అదనపు రక్షణ ప్రభుత్వ సంస్థ దగ్గరా దొరుకుతుంది, ప్రైవేటు కంపెనీల దగ్గరా దొరుకుతుంది. బీమా పరిశీలకుడు వచ్చి చూడటానికే చాలా రోజులు పట్టింది. విడిభాగాలు వచ్చేసరికి మంచి మంచు కాలం దాటిపోయింది. డిడక్టబుల్, అంటే మన జేబులోంచి భరించాల్సిన వంతు, పోగా, నేను విడిగా పెట్టించిన ఎత్తు అద్దం, సామాను సంచి లెక్కలోకి రాలేదు. అదనపు సామగ్రిని ముందే ప్రకటించి, రసీదులు దాచిపెట్టుకుంటేనే వాటికి విలువ కడతారు. మర్యాదగానే మాట్లాడారు, చెక్కు కూడా వచ్చింది. అయితే అప్పటిదాకా కట్టిన ప్రీమియాలు కూడుకుని చూస్తే మిగిలింది పెద్దగా ఏమీ లేదు. పాత బండి విలువ ఏటా తగ్గుతుంది, చెల్లింపు కూడా ఆ తగ్గిన విలువను బట్టే ఉంటుంది. కొత్త బండి అయితే మాట వేరు. ఇప్పుడు మధ్యరకం కొత్త బండే 15 వేల డాలర్లు దాటుతోంది, అప్పు ఇచ్చినవాళ్లు కొలిజన్ ఉండాల్సిందే అంటారు కూడా.

ఏ భాగమూ పనిచేయని సందర్భాలు ఉన్నాయి. కెనడా క్రిమినల్ కోడ్‌లోని మద్యం నిబంధనలు కారుకు ఎలాగో స్నోమొబైల్‌కూ అలాగే వర్తిస్తాయి. పట్టుబడితే కారు లైసెన్సు కూడా పోతుంది, సొంత నష్టానికి బీమా చెల్లించరు. దారి పక్క బార్ల ముందు వరుసగా నిలిపి ఉన్న బండ్లను చూస్తే ఈ సంగతి ఎందరికి గుర్తుందోనని నాకు అనుమానం. పందేలు వేసుకున్నా ఇంతే.

తల్లిదండ్రులను పిలిపించుకునేవాళ్లకు ఒక మాట. తల్లిదండ్రులు ఎక్కువ కాలం ఉండేందుకు కెనడా ఇచ్చే సూపర్ వీసాకు కనీసం లక్ష డాలర్ల వైద్య బీమా, ఏడాది గడువుతో ఉండాలి. అది ఉంది కదా అని వాళ్లను వెనక కూర్చోబెట్టుకోకండి. ఇలాంటి పాలసీలు కొన్నింటిలో ప్రమాదకర క్రీడలకు మినహాయింపు ఉంటుంది, స్నోమొబైల్ అందులోకి వస్తుందో లేదో పదాలు చదివితేనే తెలుస్తుంది. మా నాన్నగారు ఒంగోలు నుంచి వచ్చినప్పుడు హెల్మెట్ పెట్టుకుని సిద్ధమైపోయారు. "ఉండండి నాన్నా, పాలసీ చూసి చెబుతాను" అంటే, "మంచులో జారడానికి కూడా కాగితాలేనా రా మీ దేశంలో" అని నవ్వారు. చూశాను, మినహాయింపు ఉంది. సరస్సు మీదికి చేపలు పట్టేవాళ్ల ట్రాక్ బండిలో, కూర్చున్న సీటు పక్కనే హీటరు పెట్టించి తీసుకెళ్లాను. నాన్నగారికి అదే ఎక్కువ నచ్చింది. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు కూడా గమనించాలి. 2018లో మానిటోబా విదేశీ విద్యార్థులను ప్రావిన్సు ఆరోగ్య పథకం నుంచి తీసేసినప్పటి నుంచి కాలేజీ ప్రైవేటు పాలసీలే వాళ్లకు దిక్కయ్యాయి. అద్దె బండి ఎక్కే ముందు ఆ పాలసీతో పాటు, బండి దెబ్బతింటే ఎవరు కట్టాలో అద్దె ఒప్పందంలోనూ చూసుకోవాలి.

పక్క ప్రావిన్సులకు వెళితే నిబంధనలు మారతాయి. సస్కాచువన్‌లో 1989 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు ప్రభుత్వ భూమిలో నడపాలంటే భద్రతా కోర్సు పూర్తి చేసి ఉండాలి. ఆల్బర్టాలో బీమా అంతా ప్రైవేటు కంపెనీల దగ్గరే కొనాలి.

ఈ చలికాలానికి బాధ్యతా బీమా పూర్తిగా ఉంచాను. దొంగతనం, అగ్నిప్రమాదాలకు వర్తించే భాగం కూడా ఉంచాను. ట్రైలర్ మీద కట్టి ఉన్న బండి ట్రైలర్‌తో సహా మాయమైన సంగతులు ప్రతి ఏడాదీ వింటూనే ఉన్నాను. కొలిజన్ తీసేశాను, ఆ డబ్బు అశక్తత పాలసీకి పోతోంది. కొత్తగా కొంటున్నవాళ్లు ఏజెంటును తప్పక అడగాల్సింది ఇంకొకటి ఉంది: ట్రైలర్‌కు ప్లేటు వేరు, బీమా వేరు. స్నోమొబైల్ పాలసీలో అది రాదు.