పదో తరగతి రివిజన్: మళ్లీ చదివించడం మేలా, పుస్తకం మూసి రాయించడం మేలా?

పరీక్షలు దగ్గరపడగానే ప్రతి ఇంట్లో వినపడే మాట "ఇంకోసారి చదువు". పిల్లలు చదువుతారు కూడా. గైడులో గీతలు గీసుకుంటూ ఒక్కో పాఠాన్ని నాలుగైదు సార్లు తిరగేసి "వచ్చేసింది" అంటారు. అది అబద్ధం కాదు. జవాబు కళ్లెదుట ఉన్నంతసేపూ ఎవరికైనా వచ్చినట్టే ఉంటుంది. పరీక్ష హాల్లో ఎదురుగా ఉండేది ప్రశ్న ఒక్కటే.

అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం దీన్ని తేల్చింది. ఒక జట్టు పాఠాన్ని నాలుగు సార్లు చదివింది. ఇంకో జట్టు ఒక్కసారి చదివి, మూడు సార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. రాత్రి చదివి పొద్దున రాసే స్లిప్ టెస్టులో మార్కులు వచ్చి, పబ్లిక్ పరీక్షలో ఎందుకు తగ్గుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఫిజికల్ సైన్సులో కటకాల లెక్క తీసుకోండి. కుంభాకార కటకం నాభ్యంతరం 10 సెం.మీ., వస్తువు 15 సెం.మీ. దూరంలో ఉంది. గైడులో చేసిన లెక్క చదువుతుంటే ప్రతి మెట్టూ సులువుగానే ఉంటుంది. మూసి చేయమంటే చాలామంది వస్తుదూరానికి మైనస్ గుర్తు పెట్టరు. 30 సెం.మీ. రావలసిన ప్రతిబింబ దూరం 6 సెం.మీ. వస్తుంది. పదిసార్లు చదివినా ఈ లోపం బయటపడదు. ఒక్కసారి చేయిస్తే పడుతుంది.

చేయించే పద్ధతి ఇదీ. ఇరవై నిమిషాలు చదవాలి. పుస్తకం మూసి, రఫ్ బుక్కులో పది నిమిషాలు గుర్తున్నదంతా రాయాలి. జీవశాస్త్రమైతే నెఫ్రాన్ (మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సన్నటి నాళిక) బొమ్మ గీసి బౌమన్ గుళిక, హెన్లీ శిక్యం, సంగ్రహణ నాళం గుర్తించాలి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పినవీ ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. ఈ దిద్దడం మానేస్తే తప్పే గట్టిపడుతుంది, కాబట్టి ఎంత ఆలస్యమైనా దీన్ని వదలొద్దు. ఆ ఎర్ర సిరా భాగాన్ని మర్నాడు ముందుగా అడగండి. మళ్లీ మూడో రోజు, ఏడో రోజు అడగండి. ఒకే పాఠం మీద ఒకే రాత్రి మూడు గంటలు కూర్చోబెట్టడం కంటే ఇలా విడగొట్టిన గంటలే నిలుస్తాయి.

సబ్జెక్టు తెలియని అమ్మానాన్నలు కూడా ఇది చేయించగలరు. పుస్తకం మీ చేతిలో ఉంచుకుని ఉపశీర్షికలు చదివి "దీని గురించి చెప్పు" అనండి. పిల్లాడు తడబడగానే మొదటి అక్షరం అందించకండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ వెతుకులాటలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది.

అలాగని చదవడం దండగ కాదు. బడి మానేసి వినని పాఠమైతే, మూసి రాయమన్నప్పుడు సగం కూడా రాకపోతే, మళ్లీ చదవాల్సిందే. ఏమీ తెలియని పాఠాన్ని రాయమంటే తెల్లకాగితం, ఏడుపు మిగులుతాయి. తెలుగు పద్యాలకైతే ముందు గొంతెత్తి వల్లె వేయడమే దారి. నోటికి వచ్చాక మాత్రం ఒకసారి రాయించండి. నోటితో గడగడా చెప్పినవాళ్లే కాగితం మీద ఒత్తులు వదిలేస్తారు.

పాత పేపర్లు కూడా మూసి రాయించడం లాంటివే, కానీ సమయం తప్పితే దెబ్బతీస్తాయి. సిలబస్ సగం కాకముందే మొత్తం పేపరు పెడితే పిల్లలు బెదిరిపోతారు. ఆఖరి మూడు వారాలకు ఉంచండి. గడియారం పెట్టి, పూర్తి సమయం ఇచ్చి, అసలు పరీక్ష జరిగే పొద్దుటి వేళలోనే రాయించండి. మార్కుల కంటే ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగిపోయారో చూడండి. రెండు మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాసి, చివరి వ్యాసరూప ప్రశ్న వదిలేసే అలవాటు ఇక్కడే బయటపడుతుంది.

పరీక్ష ముందు రోజు కొత్త పాఠం ముట్టనివ్వకండి. ఎర్ర సిరాతో దిద్దిన పేజీలు ఒక్కసారి అడిగి, హాల్ టికెట్, పెన్నులు, జామెట్రీ బాక్సు సంచిలో సర్దించి, పదిలోపు పడుకోబెట్టండి.