మొదటి గేమింగ్ పీసీ: చాలాకాలం వాడాక పార్టుల గురించి నా మాట

రైజెన్ 5 5600 ప్రాసెసర్, రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, బీ550 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 550 వాట్ల పవర్ సప్లై. నేను సొంతంగా అమర్చుకున్న మొదటి గేమింగ్ కంప్యూటర్ ఇది. కొన్న కొత్తలో అన్నీ బాగానే కనిపిస్తాయి. రోజూ వాడగా తేలిందేమిటంటే, డబ్బులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకే ఇవ్వాలి, అయితే ఆ వాటాను పవర్ సప్లై నుంచి మాత్రం కోయకూడదు. మిగతా పార్టుల దగ్గర ఎంతైనా బేరమాడుకోవచ్చు.

1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెరకు ఆర్‌ఎక్స్ 6600 చక్కగా సరిపోతుంది. దీని విద్యుత్ పరిమితి 132 వాట్లే కాబట్టి గది వేడెక్కదు, ఫ్యాన్లు గోల చేయవు. రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా చూపే పద్ధతి) మీద మనసున్నవారికి ఇది తగదు, నేనైతే దాన్ని ఆపేసే ఆడతాను. కార్డు సొంత మెమరీ 8 జీబీ. కొత్త గేముల్లో టెక్స్చర్లను (వస్తువుల పైపూత బొమ్మల నాణ్యతను) ఒక మెట్టు దించాల్సి వస్తోంది. కదలికలో ఆ తేడా కంటికి ఆనదు. ఇంతకన్నా చవకగా దొరుకుతుందని 6500 ఎక్స్‌టీ వైపు చూసేవారు ఒక విషయం గమనించాలి. దానికి ఉన్నవి నాలుగు పీసీఐఈ లేన్లే (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారులు), మెమరీ 4 జీబీయే. పీసీఐఈ 3 మాత్రమే ఉన్న పాత బోర్డులో పెడితే వేగం బాగా పడిపోతుంది. 6600కు ఎనిమిది లేన్లు ఉన్నాయి కాబట్టి పాత బోర్డులోనూ పెద్దగా నష్టపోదు.

ప్రాసెసర్‌లో ఆరు కోర్లు (పనిచేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). ఈ కార్డును ఇది ఎక్కడా వెనక్కి లాగలేదు. పేరులో చివర 'జీ' ఉన్న 5600జీ కూడా ఇలాంటిదే అనుకుంటారు చాలామంది. అందులో గ్రాఫిక్స్ ఉంటుంది నిజమే, కానీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) 32 ఎంబీకి బదులు 16 ఎంబీయే, పైగా పీసీఐఈ 3 దగ్గరే ఆగిపోతుంది. కార్డు తర్వాత కొందాం అనుకునేవారికే అది లాభం. మామూలు 5600లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు తగిలిస్తే తెర నల్లగానే ఉంటుంది, కార్డుకే తగిలించాలి.

ర్యామ్ విషయంలో ఒక్క 16 జీబీ స్టిక్కు కన్నా రెండు 8 జీబీ స్టిక్కులే మేలు. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగానికి పెట్టే సెట్టింగు, ఆన్ చేయకపోతే, పెట్టె మీద 3200 అని ఉన్న ర్యామ్ చాలావరకు అంతకన్నా తక్కువ వేగంతోనే నడుస్తుంది. డబ్బు పెట్టి కొన్న వేగం నిద్రపోతూ ఉంటుంది, మనకు తెలియను కూడా తెలియదు.

ఇక పవర్ సప్లై. '80 ప్లస్ బ్రాంజ్' ముద్ర చూసి నిశ్చింతగా ఉండేవారున్నారు. అది చెప్పేది విద్యుత్తు ఎంత వృథా అవుతుందనే, లోపలి భాగాల నాణ్యత గురించి కాదు. ఓవర్ కరెంట్, ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయా, వారంటీ ఎన్నేళ్లు అన్నవి విడిగా చూసుకోవాలి. నా సిస్టమ్ గేమ్ ఆడేటప్పుడు కూడా 300 వాట్లు దాటదు. మరి 550 ఎందుకంటే, తన సామర్థ్యంలో సగం దగ్గర నడిచే పవర్ సప్లై చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. రంగు లైట్ల ఫ్యాన్లకు పెట్టే డబ్బు ఇక్కడ పెడితే దక్కుతుంది. ఆ లైట్లు వారం తర్వాత ఎవరూ చూడరు, నాకైతే కళ్లకు చిరాకు కూడా.

ఎస్‌ఎస్‌డీ (గేములు, ఫైళ్లు దాచుకునే డ్రైవ్) గురించి చెప్పేది తక్కువే: నేరుగా బోర్డు మీదే బిగించే ఎన్‌వీఎంఈ రకం 1 టీబీ తీసుకుంటే చాలు, మరీ వేగవంతమైన మోడల్‌తో గేముల్లో ఒరిగేది లేదు. క్యాబినెట్ మాత్రం ముందు వైపు జాలీ ఉన్నదే ఎంచుకోవాలి. ముందు అద్దం బిగించినవాటిలో గాలి ఆడక కార్డు వేడెక్కుతుంది. దుమ్ము ఫిల్టర్లను అప్పుడప్పుడు దులిపితే చాలు, పాత కంప్యూటర్లలా లోపలంతా పేరుకుపోదు.

ఈ బోర్డు సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏఎం4 రకం కాబట్టి బయోస్ అప్‌డేట్ చేసి 5700ఎక్స్3డీ ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. దాని ఎల్3 క్యాష్ 96 ఎంబీ. నాకు ఇంకా ఆ అవసరం రాలేదు. ముందు మార్చేది గ్రాఫిక్స్ కార్డే. కొత్తది 200 వాట్లు అడిగినా ఇదే పవర్ సప్లై తట్టుకుంటుంది. కొలుచుకోవాల్సింది క్యాబినెట్‌లో దాని పొడవు పడుతుందా అన్నదే.